ఆర్క్ వెల్డింగ్ మిషను: ఏ మోడ్‌లో పెట్టాలి, ఏ నాబ్ ఎంత తిప్పాలి

అనంతపురంలో పాత వెల్డింగ్ షాపుల మూలన ఇప్పటికీ అక్కడక్కడ కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకు తిప్పడానికి ఉన్నది ఒకే ఒక్క చక్రం. దాన్ని తిప్పితే లోపలి ఇనుప కోరు కదిలి కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. బయటికి వచ్చేది ఏసీ కరెంటు కాబట్టి ప్లస్, మైనస్ అనే ఆలోచనే అక్కరలేదు. దాని స్థానంలో వచ్చిన ఇన్వర్టరు మిషనును ఒంటి చేత్తో ఎత్తుకొని చీనీ (బత్తాయి) తోట దాకా తీసుకుపోవచ్చు గానీ, దాని ముఖం మీద మోడ్ స్విచ్, ఆంపియర్ల నాబ్, హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్, కొన్నింటికి వీఆర్‌డీ, 2టీ, 4టీ అనే మీటలు కూడా ఉంటాయి. కొత్తగా కొన్నవారిలో చాలామంది ఆంపియర్ల నాబ్ ఒక్కటే తిప్పుతూ, మిగతావాటిని కొన్ననాడు ఎక్కడ ఉన్నాయో అక్కడే వదిలేస్తారు. అతుకు సరిగా రానప్పుడు నింద మాత్రం రాడ్డు (కరిగి అతుకు వేసే, పైపూత ఉన్న కడ్డీ) మీద పడుతుంది.

మిషనును సర్దడానికి ఒక వరుస ఉంది. అతికించబోయే లోహమేది, దాని మందమెంత అన్నది ముందు చూసుకోవాలి. దాన్ని బట్టి రాడ్డు, రాడ్డును బట్టి పోలారిటీ (ఏ తీగ ప్లస్‌కు, ఏది మైనస్‌కు అన్నది), ఆ తరువాత మోడ్, ఆ తరువాతే ఆంపియర్లు, చిన్న నాబ్‌లు అన్నిటికన్నా చివర. షాపుల్లో మామూలుగా జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది: నిన్న ఎక్కడ ఆపామో అక్కడే మిషను ఆన్ చేసి, చేతికి దొరికిన రాడ్డు పెట్టి, అది అతుక్కుంటే కరెంటు పెంచి, రేకు చిల్లు పడితే తగ్గిస్తారు. అలవాటైన పనికి ఇది సరిపోతుంది గానీ పని మారిన రోజున చేతికి ఏ ఆధారమూ ఉండదు.

మిషను దాకా వచ్చే కరెంటు

నాబ్ జోలికి పోకముందు మిషనుకు అందే కరెంటు సంగతి తేల్చుకోవాలి. రాడ్డు వెల్డింగ్‌లో ఆర్క్ (రాడ్డు కొనకూ లోహానికీ మధ్య వెలిగే మంట) దగ్గర ఉండే ఓల్టేజీని లెక్కగట్టడానికి ఒక ప్రామాణిక సూత్రం ఉంది: ఆంపియర్లను 0.04తో హెచ్చించి, వచ్చినదానికి 20 కలపాలి. 80 ఆంపియర్లకు అది 23.2 ఓల్టులు, 120 ఆంపియర్లకు 24.8 ఓల్టులు. అంటే 120 ఆంపియర్ల మీద ఆర్క్ దగ్గర ఖర్చయ్యేది దాదాపు 3 కిలోవాట్లు. మిషను లోపలి నష్టాన్నీ, మామూలు ఇన్వర్టర్లకు ఉండే తక్కువ పవర్ ఫ్యాక్టరునూ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) లెక్కలో వేసుకుంటే, 230 ఓల్టుల సింగిల్ ఫేజు మీద గోడ నుంచి 20 ఆంపియర్ల పైన లాగుతుంది. 80 ఆంపియర్ల పనికైతే 14 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఉండే 16 ఆంపియర్ల సాకెట్టు మీద సన్న రాడ్డు పని నడుస్తుంది. లావు రాడ్డు పెడితే ప్లగ్గు పిన్నులు నల్లబడతాయి. ఆ పనికి 32 ఆంపియర్ల ఎంసీబీతో, దానికి తగిన మందం తీగతో, వేరే లైను వేయించుకోవడమే పద్ధతి.

తోటలో గేటు పెట్టే పనికి పోయినప్పుడు మోటారు కొట్టం నుంచి 50 మీటర్ల తీగ లాగడం మామూలే. ఆ తీగ 1.5 చదరపు మి.మీ. రాగిదైతే, పోనూ రానూ 100 మీటర్ల తీగ నిరోధం 1.2 ఓమ్‌ల వరకు ఉంటుంది. 20 ఆంపియర్లు లాగితే 24 ఓల్టులు తీగలోనే హరించుకుపోతాయి. అసలే 200 దగ్గర ఊగిసలాడే పల్లె లైనులో ఇంకో 24 పోతే మిషను చేతులెత్తేస్తుంది. అదే తీగ 4 చదరపు మి.మీ.దైతే పోయేది 9 ఓల్టులే. తీగను చుట్టగా ఉంచి వాడకుండా మొత్తం విప్పి పరచాలి, ఎందుకంటే చుట్టలోని వేడికి బయటికి పోయే దారి ఉండక పైతొడుగు కరిగిపోతుంది. రాడ్డును పట్టుకునే హోల్డరు తీగను పొడుగు చేయడం కన్నా మిషనునే పని దగ్గరికి చేర్చి ఇన్‌పుట్ తీగను పొడుగు చేయడం మేలు. ఇన్‌పుట్ వైపు పారే కరెంటు తక్కువ కాబట్టి అదే మందానికి నష్టమూ తక్కువే.

బోరు స్టార్టరు దగ్గర ఉండేది మూడు ఫేజుల కరెంటు. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్లలో చాలావాటికి రెండు ఫేజుల మధ్య ఉండే 415 ఓల్టులే కావాలి, వాటికి అలాగే కలిపేవారు. ఆ అలవాటుతో 230 ఓల్టుల ఇన్వర్టరును రెండు ఫేజులకు కలిపితే రాడ్డు అంటించే అవసరమే రాదు, మిషనే అంటుకుంటుంది. వెనుక ఉన్న ప్లేటు మీద యూ1 అని రాసి ఉన్న అంకె ఇన్‌పుట్ ఓల్టేజీ. దాన్ని చదవకుండా తీగ కలపకూడదు.

రాడ్డు, పోలారిటీ

మన దగ్గర గ్రిల్లులు, గేట్లు, రేకుల షెడ్లు, ట్రాలీ రిపేర్లకు వాడేది ఎక్కువగా 6013 రాడ్డు. మొదటి రెండంకెలు అతుకు బలాన్ని చెబుతాయి: 60 అంటే చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడును తట్టుకుంటుందని. మూడో అంకె 1 అయితే రాడ్డును పడుకోబెట్టిన పనిలోనూ, నిలువులోనూ, తల మీదా, ఎలాగైనా వాడవచ్చు. చివరి అంకె పైపూత ఎలాంటిదో, ఏ కరెంటు మీద నడుస్తుందో తెలుపుతుంది. 7018 రాడ్డు అతుకు ఇంకా గట్టిది, పగుళ్లకు లొంగనిది. అయితే దాని పైపూత గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, విప్పిన ప్యాకెట్‌లో మిగిలిన రాడ్లను తయారీదారు చెప్పిన వేడిలో, మామూలుగా 300 నుంచి 350 డిగ్రీలలో, ఒకటి రెండు గంటలు ఓవెన్‌లో కాల్చి వాడాలి. ఎండలో పరిచిపెడితే సరిపోతుందనుకోవడం పొరపాటు. అనంతపురం ఎండ ఎంతటిదైనా ఆ పనికి చాలదు.

రాడ్డు మందాన్ని షాపుల్లో గేజి లెక్కన పిలుస్తారు: 2.5 మి.మీ. రాడ్డు 12 నంబరు, 3.15 మి.మీ. రాడ్డు 10 నంబరు, 4 మి.మీ. రాడ్డు 8 నంబరు. నంబరు తగ్గేకొద్దీ రాడ్డు లావవుతుందన్నది కొత్తవారు మొదట్లో తికమకపడే విషయం. 16 గేజి చదరపు పైపు అంటే మందం 1.6 మి.మీ. మాత్రమే, దానికి 12 నంబరు రాడ్డే హెచ్చు. 5, 6 మి.మీ. యాంగిలు, పట్టీలకు 10 నంబరు. 8 నంబరు రాడ్డు ట్రాలీ ఛాసిస్ వంటి బరువు పనులకు, అదీ మిషను మోయగలిగితేనే.

ఇన్వర్టరు ముందువైపు ప్లస్, మైనస్ అని రెండు సాకెట్లు ఉంటాయి. హోల్డరును ప్లస్‌కు, పని ముక్కకు తగిలించే ఎర్త్ క్లాంపును మైనస్‌కు పెట్టడం రాడ్డు పనికి సాధారణ పద్ధతి. 7018కు అదే తప్పనిసరి. 6013 మాత్రం రెండు విధాలా నడుస్తుంది, ఇది మనకు అందివచ్చిన సౌకర్యం. 16, 18 గేజి పైపుల పని పడ్డప్పుడు రెండు తీగలను అటుదిటు మార్చి హోల్డరును మైనస్‌లో పెడితే అతుకు లోతు తగ్గి, చిల్లులు పడడం కూడా బాగా తగ్గుతుంది. తీగ కొనను సాకెట్టులోకి దూర్చి కుడివైపు గట్టిగా బిగిసేదాకా తిప్పాలి. వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి, సాకెట్టు చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోతుంది.

ఎర్త్ క్లాంపును పనికి వీలైనంత దగ్గరగా, రంగూ తుప్పూ గీకిన చోట పట్టించాలి. ట్రాక్టరు ట్రాలీకి అతుకు వేసేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. క్లాంపు చక్రం దగ్గరా, అతుకు పైనా ఉంటే కరెంటు హబ్ బేరింగుల గుండా పోయి గోళీల మీద గుంటలు పెడుతుంది. ట్రాక్టరుకు తగిలించి ఉన్న ట్రాలీ అయితే ముందుగా బ్యాటరీ మైనస్ తీగను విప్పేయాలి.

మోడ్ స్విచ్

రాడ్డు గుర్తు గానీ, ఎంఎంఏ అనే మాట గానీ ఉన్నది చేతి రాడ్డు వెల్డింగ్ మోడ్. టిగ్ అన్నది టంగ్‌స్టన్ సూదితో, ఆర్గాన్ గ్యాసుతో చేసే పని. మిగ్ లేక మాగ్ అని ఉన్నదాన్ని మన షాపుల్లో సీఓటూ వెల్డింగ్ అంటారు. మొదటి రెండింటిలోనూ మిషను కరెంటును స్థిరంగా ఉంచుతుంది. మూడోదానిలో ఓల్టేజీని స్థిరంగా ఉంచుతుంది. అందుకే మిగ్ మోడ్‌లో ఉన్న మిషను మీద రాడ్డు పెట్టి ఆర్క్ నిలపాలని చూడడం దండగ.

టిగ్, ఎంఎంఏ రెండూ స్థిరమైన కరెంటే ఇస్తాయి గదా, తేడా ఏమిటని నేనూ అనుకున్నాను. ఇన్వర్టరు కొన్న నెలలోనే ఆ తేడా తెలుసుకోవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. చీనీ తోటకు గేటు చేస్తున్నాము. రాడ్డు తాకించగానే చిన్న మిణుకు వచ్చి ఆరిపోవడమో, అక్కడే అతుక్కుపోవడమో తప్ప ఆర్క్ నిలవడం లేదు. రాడ్డు తడిసిందేమోనని కొత్త ప్యాకెట్ విప్పాను. క్లాంపు కింద తుప్పు గీకాను. ఓల్టేజీ కొలిస్తే 225 ఉంది. కరెంటు 90 నుంచి 130 దాకా పెంచినా అదే వరస. చివరికి అలసిపోయి మిషను ముందు కింద కూర్చుంటే అప్పుడు కనిపించింది, టిగ్ అక్షరాల పక్కన వెలుగుతున్న చిన్న ఆకుపచ్చ దీపం. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఉదయం గుడ్డతో మిషను తుడుస్తున్నప్పుడు ఆ మీట పక్కకు జరిగింది. లిఫ్ట్ టిగ్ (సూదిని తాకించి, ఎత్తి ఆర్క్ అంటించే) మోడ్‌లో సూది పాడవకుండా, తాకిన క్షణాన మిషను కావాలనే అతి తక్కువ కరెంటు ఇస్తుంది. రాడ్డు అంటుకోవడానికి తోడ్పడే హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్ రెండూ పనిచేయవు. రాడ్డుకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అప్పటి నుంచి మిషను ఆన్ చేయగానే ముందు దీపం వైపు చూడడం నాకు అలవాటైంది.

ఆంపియర్లు

6013 రాడ్డుకు 12 నంబరైతే 60 నుంచి 90, 10 నంబరైతే 90 నుంచి 130, 8 నంబరైతే 140 నుంచి 180 ఆంపియర్ల మధ్య ఉంటుంది. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది, ప్యాకెట్ మీద అచ్చు వేసినదే చివరి మాట. ఆ రెండంకెల నడిమి సంఖ్యతో మొదలుపెట్టాలి. నిలువు పనికి, తల మీది పనికి అందులో 10 నుంచి 15 శాతం తగ్గించాలి, లేకపోతే కరిగిన లోహం కిందికి జారుతుంది. మందమైన ముక్క చల్లగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ, అప్పటికే వేడెక్కిన సన్న పైపుకు కొంచెం తక్కువ పెట్టాలి.

డిస్‌ప్లే మీది అంకెను నమ్మడానికి ఒక హద్దు ఉంది. ఆర్క్ లేనప్పుడు అక్కడ కనిపించేది మీరు అడిగిన కరెంటు మాత్రమే. తీగ పొడుగు, వదులైన క్లాంపు, పడిపోయిన ఓల్టేజీ, ఇవన్నీ దాటి ఆర్క్‌కు ఎంత అందుతోందో పూసే (రాడ్డు కరిగి గీతలా గడ్డకట్టిన లోహమే) చెప్పాలి. అందుకే పని ముక్క మీద రాడ్డు పెట్టకముందు అదే మందం ఉన్న తుక్కు ముక్క ఒకటి తీసుకోవాలి.

10 నంబరు 6013 రాడ్డుకూ, 6 మి.మీ. పట్టీకీ ఇలా చేసి చూడండి. అడుగు పొడవున్న పట్టీని గ్రైండరుతో శుభ్రం చేసి, దాని మీద చాక్‌పీసుతో నాలుగు గీతలు గీసి, వాటి కొసన 90, 105, 120, 140 అని రాయండి. ప్రతి అంకె దగ్గరా మిషనును అదే అంకెకు తిప్పి, గీత వెంట ఒక్కో పూస వేయండి. రాడ్డును మీరు లాగే వైపుకు 10, 15 డిగ్రీలు వాల్చి, కొనకూ పట్టీకీ మధ్య రాడ్డు లోపలి తీగ మందమంత ఎడం, అంటే 3 మి.మీ., ఉంచాలి. నాలుగింటికీ ఒకే వేగం పాటించాలి. చల్లారాక చిట్టెం (పూస మీద పెంకులా గడ్డకట్టిన పైపూత) కొట్టి, బ్రష్షుతో తుడిచి, పట్టీని వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూడండి. 90 దగ్గరి పూస పట్టీ మీద తాడు పెట్టినట్టు ఉబ్బుగా, అంచులు కలవకుండా నిలబడి ఉంటుంది. చిట్టెం కూడా తేలిగ్గా ఊడదు. 140 దగ్గరిది వెడల్పుగా, చదునుగా పరుచుకుని, అంచుల వెంట గోటితో గీకినట్టు సన్నని కాలువ ఉంటుంది, చుట్టూ పట్టీ నిండా తుంపర గింజలు అతుక్కుని ఉంటాయి. రాడ్డు సగం అయ్యేసరికే మిగిలిన భాగం ఎర్రబడుతుంది, ఆ ఎరుపు కనిపించిందంటే ఆ కరెంటు ఆ రాడ్డుకు ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు. నడిమి రెండింటిలో ఒకటి మీ మిషనుకు, మీ తీగకు, మీ ఊరి ఓల్టేజీకి సరైనది: అంచులు పట్టీలోకి ఒదిగి, పైన అలలు సమంగా ఉండి, చిట్టెం తనంతట తానే పొరలా లేచివస్తుంది. ఆ పట్టీని పారేయకుండా షాపు గోడకు వేలాడదీస్తే ఏ పుస్తకం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

చెవి కూడా ఒక కొలమానమే. కరెంటు సరిపోయినప్పుడు ఆర్క్ చప్పుడు తెగకుండా సన్నగా సాగుతుంది. తక్కువైతే ఆగి ఆగి గొణుగుతుంది. ఎక్కువైతే పేలినట్టు బుసకొడుతుంది. అయితే పొడుగు ఆర్క్ లాగే అలవాటున్న చెయ్యి సరైన కరెంటు దగ్గర కూడా ఆ బుసనే పుట్టిస్తుంది. నాబ్ తిప్పేముందు రాడ్డు ఎత్తు చూసుకోవాలి.

హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్, ఇతర మీటలు

హాట్ స్టార్ట్ అంటే రాడ్డు తాకిన మొదటి క్షణాల్లో మాత్రమే, పెట్టిన కరెంటు కన్నా కొంత ఎక్కువ ఇచ్చి ఆర్క్‌ను అంటించడం. మందమైన చల్లని ఇనుము మీద, 7018 రాడ్డు మీద దీన్ని పెంచితే మొదట్లో అతుక్కోవడం తగ్గుతుంది. 16 గేజి పైపు మీద మాత్రం తాకీ తాకగానే చిల్లు పడుతుంది. సన్న పైపు పనికి దీన్ని పూర్తిగా తగ్గించడమే నా పద్ధతి.

ఆర్క్ ఫోర్స్ పని వేరు. రాడ్డు కొన కరిగిన లోహానికి మరీ దగ్గరైతే ఆర్క్ ఓల్టేజీ పడిపోతుంది; ఆ తగ్గుదల గమనించి మిషను ఒక్క క్షణం కరెంటు పెంచి, రాడ్డు అతుక్కుపోకుండా చూస్తుంది. ఈ నాబ్ ఎంత పెంచితే ఆ తోపు అంత గట్టిగా ఉంటుంది. 6013కు తక్కువగా, పదింట రెండు మూడు వంతుల దగ్గర ఉంచితే పూస మెత్తగా, తుంపర లేకుండా వస్తుంది. 7018ను దగ్గరగా పట్టి నడపాలి గనుక దానికి సగం దగ్గర పెట్టి, అక్కడ నుంచి చెయ్యి చెప్పినట్టు సర్దుకోవాలి. రెండు పైపులు కలిసే ఇరుకు మూలల్లోనూ కొంచెం పెంచితే మేలు. రాడ్డు అతుక్కుంటోందని కొందరు దీన్ని చివరిదాకా తిప్పేస్తారు. అసలు లోపం తక్కువ ఆంపియర్లదైతే దీనితో తుంపర పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

యాంటీ స్టిక్ అన్నదానికి చాలా మిషన్లలో నాబ్ ఉండదు, దానంతట అదే పనిచేస్తుంది: రాడ్డు నిజంగా అతుక్కుపోతే కరెంటు తీసేస్తుంది, మీరు రాడ్డును విరిచి తీసుకోవచ్చు. వీఆర్‌డీ మాత్రం ప్రాణానికి సంబంధించిన విషయం. ఆర్క్ లేనప్పుడు మామూలు మిషను కొనల మధ్య 60 నుంచి 80 ఓల్టుల దాకా ఉంటుంది. వీఆర్‌డీ ఆన్ చేస్తే అది బాగా తగ్గుతుంది. వాన పడిన నేల మీద, చెమటతో తడిసిన బట్టలతో, నీళ్ల ట్యాంకు లోపల కూర్చుని పని చేసేటప్పుడు ఇది ఆన్‌లో ఉండాలి. ఆర్క్ అంటించడం కొంచెం కష్టమవుతుంది, గట్టిగా గీకి అంటించాల్సి వస్తుంది, అయినా సరే.

గుంటక పాస వంటి గట్టి ఉక్కును అతికించమని రైతులు తెస్తారు. పాత లారీ కమాను పట్టీతో చేసినవి అందులో చాలా ఉంటాయి. అతుకు చూడ్డానికి చక్కగా ఉండి, పొలంలో మొదటి సాలులోనే అతుకు పక్కన విరుగుతుంది. దీనికి మందు ఆంపియర్లలో లేదు. ముక్కను ముందుగా నీటి చుక్క పడితే చిటుక్కున ఎగిరిపోయేంత వేడి చేసి, కాల్చిన 7018 రాడ్డుతో అతికించి, ఆ తరువాత పొడి బూడిదలో పూడ్చి నిదానంగా చల్లారనివ్వాలి. నీళ్లలో ముంచడం అన్నది మానుకోవాలి.

టిగ్, సీఓటూ

స్టీలు రెయిలింగు పనికి టిగ్ మోడ్‌లో పెట్టినప్పుడు తీగలు తారుమారవుతాయి: టార్చి మైనస్‌కు, క్లాంపు ప్లస్‌కు. టిగ్‌లో వేడిలో పెద్ద భాగం ప్లస్ వైపే పుడుతుంది కాబట్టి, సూదిని ప్లస్‌లో పెడితే దాని కొన కరిగి ముద్దవుతుంది. గ్యాసు వట్టి ఆర్గానే కావాలి, నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు చాలు. పోస్ట్ ఫ్లో అనే నాబ్ ఉంటే ఆర్క్ ఆగాక కూడా కొన్ని సెకన్లు గ్యాసు వచ్చేట్టు పెట్టి, అంతసేపూ టార్చిని అక్కడే పట్టుకోవాలి. 2టీలో మీట నొక్కినంతసేపే ఆర్క్. 4టీలో ఒకసారి నొక్కి వదిలితే నడుస్తుంది, మళ్లీ నొక్కి వదిలితే ఆగుతుంది. పొడుగు అతుకులకు 4టీ వేలికి విశ్రాంతి. డీసీ మాత్రమే ఇచ్చే మిషనుతో అల్యూమినియం టిగ్ పని పెట్టుకోవద్దు, దానికి ఏసీ టిగ్ కావాలి.

సీఓటూ మిషనులో ఆంపియర్ల నాబ్ స్థానంలో ఓల్టేజీ, తీగ వేగం అని రెండు ఉంటాయి. కరెంటును నిర్ణయించేది తీగ వేగమే. ఆర్క్ పొడవును నిర్ణయించేది ఓల్టేజీ. 2 మి.మీ. రేకుకు 0.8 మి.మీ. తీగతో 17 నుంచి 19 ఓల్టుల మధ్య మొదలుపెట్టి, ఓల్టేజీని కదపకుండా తీగ వేగాన్ని మాత్రమే సర్దుతూ పోవాలి. తీగ రేకును పొడుస్తూ గన్నును వెనక్కి తోస్తుంటే వేగం ఎక్కువ. తీగ టిప్పు దాకా కాలి ముద్ద కడుతుంటే వేగం తక్కువ. రెండూ కుదిరినచోట కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు ఎడతెగని చిటపట వినిపిస్తుంది. ఇండక్టెన్స్ నాబ్‌ను పెంచితే తుంపర తగ్గి లోహం పలచగా పారుతుంది, తగ్గిస్తే ఆర్క్ బిరుసుగా ఉంటుంది. గ్యాసుతో వాడే మామూలు తీగకు గన్ను ప్లస్‌లోనూ, గ్యాసు అక్కరలేని ఫ్లక్స్ తీగకు గన్ను మైనస్‌లోనూ ఉండాలి. ఈ మార్పు చాలా మిషన్లలో లోపలి మూత తెరిచి చేయాల్సి ఉంటుంది గనుక చాలామంది దాన్ని మరిచిపోతారు.

ఆషాఢంలో రామగిరి గుట్టల మీది గాలిమరలను తిప్పే గాలి మన పొలాల్లోనూ వీస్తుంది. ఆ గాలికి ఆర్గాన్ గానీ, సీఓటూ గానీ ఆర్క్ మీద నిలవదు, అతుకు లోపల చీమ పుట్టలా బొక్కలు పడతాయి. బయట పని అయితే మోడ్ ఎంపికలో ఆలోచించడానికేమీ లేదు, రాడ్డే.

ఎండాకాలం, డ్యూటీ సైకిల్

మిషను ప్లేటు మీద ఎక్స్ అనే అక్షరం పక్కన 60 శాతం, దాని కింద 200 ఆంపియర్లు అని ఉంటే, 200 మీద పది నిమిషాలలో ఆరు నిమిషాలు ఆర్క్ నడిపి నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. డ్యూటీ సైకిల్ అంటే ఇదే. అదే మిషను 155 ఆంపియర్ల మీద ఆగకుండా నడవగలదు. చేతి పనిలో రాడ్డు మార్చడానికి, చిట్టెం కొట్టడానికి పోయే సమయం చూస్తే మామూలుగా ఈ హద్దు మనకు తగలదు. అయితే ఆ లెక్కకు తీసుకున్న చుట్టుపక్కల వేడి 40 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో నీడ పట్టునే 40 దాటడం మామూలు. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ నెలల్లో ప్లేటు మీది అంకెను అలాగే నమ్మకుండా, బరువు పనులను పొద్దున్నే పెట్టుకోవాలి, మిషను వెనుక అడుగు ఖాళీ వదలాలి, ఎండ తగలని చోట ఉంచాలి, కానీ తడి గోనె పట్టా కప్పకూడదు.

గ్రైండరు నిప్పురవ్వలు పడే వైపు మిషను ఫ్యాను ఉండకూడదు. ఇనుప పొడి లోపలి బోర్డు మీద పేరుకుని షార్టు చేస్తుంది. నాకు తెలిసినంతలో ఇన్వర్టర్లు చెడిపోయే కారణాలలో ఇది ముందు వరసలో ఉంటుంది. నెలకోసారి గాలి కొట్టాలంటే ముందు ప్లగ్గు పీకి కొన్ని నిమిషాలు ఆగాలి, లోపలి కెపాసిటర్లలో 300 ఓల్టుల పైన నిలవ ఉంటుంది.

నల్ల అద్దం 10 లేక 11 నంబరుది వాడాలి. జీఐ పైపు అయితే అతుకు చుట్టూ జింకు పూతను గ్రైండరుతో తీసేసి, పొగ ముఖానికి రాకుండా గాలికి ఎగువన నిలబడాలి. ఆ పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం వస్తుంది. డీజిలు డ్రమ్ములను ఎంత కడిగినా అతుకు పెట్టకండి.

పని మధ్యలో పసుపు దీపం వెలిగి ఆర్క్ ఆగిపోతే మిషను వేడెక్కిందని అర్థం. స్విచ్ ఆపకూడదు, ఆపితే ఫ్యాను కూడా ఆగి వేడి లోపలే ఉండిపోతుంది. దీపం ఆరేదాకా అలాగే ఉంచాలి. సాయంత్రం పని ముగిసినప్పుడు కూడా అంతే: చివరి రాడ్డు తీసేశాక ఆంపియర్లు తగ్గించి, ఫ్యానును నాలుగైదు నిమిషాలు తిరగనిచ్చి, ఆ వ్యవధిలో తీగలు చుట్టి, మిగిలిన రాడ్లను మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ తరువాత మెయిన్ ఆపాలి.